గుండు ఎండ ఎప్పుడు చూసింది? పాత హిమానీనదాలకు తేదీలు వేసే లెక్క

దేవరకొండ రోడ్డు మీద పోతుంటే గుండు మీద గుండు పేర్చినట్టు ఉండే గుట్టలు కనిపిస్తాయి. ఎవరో ఎత్తి పెట్టారేమో అనిపిస్తుంది గానీ ఎవరూ పెట్టలేదు. రాయి నేల కింద ఉండగానే పగుళ్ల వెంట నీళ్లు దిగి, చుట్టూ మెత్తబడి మొరం అయింది. ఆ మొరం వేల వానలకు కొట్టుకుపోయింది. మెత్తబడని గట్టి ముక్కలు ఎక్కడివక్కడే మిగిలాయి. మన గుండ్లు అడుగు కదిలినవి కావు.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరా కొండల మీద కూడా ఇలాంటి గ్రానైట్ గుండ్లే ఉన్నాయి. అయితే అక్కడ కింద ఉన్నది సున్నపురాయి. గ్రానైట్ కావాలంటే మైదానం దాటి ఆల్ప్స్ పర్వతాల దాకా పోవాలి. మరి ఇవి అక్కడికి ఎట్లా వచ్చాయి? వరద తెచ్చిందని చాలాకాలం నమ్మారు. 1837లో న్యూషాటెల్ పట్టణంలో లూయీ అగస్సీ అనే శాస్త్రవేత్త, వీటిని మోసుకొచ్చింది నీళ్లు కాదు, మంచు అన్నారు. ఆయనకంటే ముందే ఆ ఊళ్ల కొండవాళ్లు, ఇంజనీర్లు కొందరు ఈ మాట అన్నారు, కానీ పేరు అగస్సీకి వచ్చింది.

నేను నల్లగొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు భూగోళం చెప్తాను. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి క్లాసులో ఈ అంశం తరచూ వస్తోంది. పేపర్లో ‘హిమాలయాల్లో మంచు కరిగిపోతోంది’ అని ఉంటుంది. అదే రోజు వాట్సాప్‌లో ‘మంచు ఎప్పుడూ పెరుగుతూ కరుగుతూనే ఉంది, ఇందులో కొత్తేముంది?’ అని ఇంకొకటి తిరుగుతుంది. “సార్, రెంట్లో ఏది నిజం?” అని అడుగుతారు. రెండింట్లోనూ నిజం ఉంది. ఎంత ఉందో తేల్చాలంటే, మంచు ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో మనకు ఎట్లా తెలిసిందన్న దగ్గర మొదలుపెట్టాలి.

మంచు నది, అది వదిలిపెట్టే కట్ట

ఎత్తైన కొండల మీద ఏటా పడే మంచు పూర్తిగా కరగకపోతే పొర మీద పొర పేరుకుంటుంది. కింది పొరలు బరువుకు గట్టిపడి ఐసు అవుతాయి. ఆ ఐసు తన బరువుకు తానే మెల్లగా లోయలోకి జారుతుంది. అదే హిమానీనదం, పేపర్ల భాషలో గ్లేసియర్. జారుతూ అడుగున ఉన్న బండను గీకుతుంది, పెకిలిస్తుంది, పక్క కొండల నుంచి పడిన రాళ్లను వీపు మీద మోస్తుంది. ఇవన్నీ మంచు కొస దగ్గర కుప్ప పడతాయి. ఆ కుప్పను మొరైన్ అంటారు, ఇక మీద నేను కట్ట అనేది దీన్నే. మన మొరానికీ దీనికీ పేరులో పోలిక తప్ప చుట్టరికం లేదు.

చెరువులో పూడిక తీసే డోజర్‌ను గుర్తు చేసుకోండి. తోసుకుంటూ పోయినంతసేపు బ్లేడు ముందు మట్టి పోగవుతుంది. బండి వెనక్కి వస్తే పోగు అక్కడే ఉంటుంది. దాన్ని చూసి డోజర్ ఎక్కడిదాకా పోయిందో చెప్పొచ్చు. ఒక తేడా ఉంది. హిమానీనదానికి రివర్స్ గేరు లేదు. ఐసు ఎప్పుడూ కిందికే జారుతుంది. జారి వచ్చేదానికంటే కొస దగ్గర కరిగేది ఎక్కువైతే కొస పైకి జరుగుతుంది, దాన్నే ‘వెనక్కి తగ్గడం’ అంటారు.

ఈ పోలికలోనే ఒక చిక్కు కూడా దాగుంది. డోజర్ మళ్లీ వచ్చి ఇంకా ముందుకు పోతే పాత పోగు మిగలదు. హిమానీనదమూ అంతే. పెద్దగా వచ్చిన మంచు అంతకుముందు చిన్నగా వచ్చినవాటి ఆనవాళ్లను తుడిచేస్తుంది. అందుకే లోయలో మిగిలిన కట్టలు పూర్తి రికార్డు కావు, చింపగా మిగిలిన కాగితాలు. మంచు బాగా చిన్నగా ఉన్న కాలాలైతే కట్టే వదలవు, లేదా వదిలిన కట్ట ఇప్పుడు మంచు కిందే ఉంటుంది.

పలుగురాయిలో నడిచే గడియారం

మన చెల్కల్లో కాలు పెడితే తగిలే తెల్లటి పలుగురాయి ఉంది కదా, అదే క్వార్ట్జ్. గ్రానైట్‌లోనూ ఇది గింజలు గింజలుగా ఉంటుంది. పాత మంచుకు తేదీ వేసే పనిలో ఇప్పుడు ఎక్కువగా నమ్ముకునేది దీన్నే.

అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు ఎడతెగకుండా భూమి మీదికి వస్తుంటాయి. అవి గాలిలోని పరమాణువులను ఢీకొంటే న్యూట్రాన్లు చిందుతాయి. ఆ న్యూట్రాన్లలో కొన్ని నేల దాకా వచ్చి పలుగురాయిలోని ఆక్సిజన్ కేంద్రకాన్ని పగలగొడతాయి. ఆ పగిలిన ముక్కల్లో ఒకటి బెరీలియం-10. అది సగానికి తగ్గడానికి దాదాపు 13.9 లక్షల ఏళ్లు పడుతుంది. కాబట్టి పదీ ఇరవై వేల ఏళ్ల లెక్కలో ఆ తరుగు దాదాపు లేనట్టే.

ఈ కిరణాలు రాయి లోపలికి ఎక్కువ దూరం పోలేవు. సుమారు 60 సెంటీమీటర్లు లోపలికి పోయేసరికి వాటి బలం మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. మూడు మీటర్ల లోతులో వందో వంతు కూడా ఉండదు. అంటే కొండ లోపల ఉన్న రాయికి ఈ గడియారం సున్నా మీద ఉంటుంది. మంచు ఆ రాయిని పెకిలించి, మోసుకొచ్చి, కట్ట మీద వదిలి, తాను కరిగిపోయిన రోజున గడియారం నడక మొదలవుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎన్ని పేర్లున్నా, ఈ పద్ధతి అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ గుండు ఎండలోకి వచ్చి ఎన్నేళ్లయింది?

ఇక లెక్క. సముద్రమట్టం దగ్గర, ధ్రువాల వైపు అక్షాంశాల్లో, ఒక గ్రాము పలుగురాయిలో ఏడాదికి సుమారు 4 బెరీలియం-10 పరమాణువులు పుడతాయి. నాలుగు వేలు కాదు, నాలుగు. పైకి పోయేకొద్దీ అడ్డొచ్చే గాలి తగ్గుతుంది కాబట్టి ఈ సంఖ్య పెరుగుతుంది. ఒక ఎత్తైన లోయలో ఏడాదికి 40 అనుకుందాం. అక్కడి గుండు పైభాగం చెక్కి తెచ్చి, పలుగురాయిని వేరు చేసి, ఆమ్లాలతో కడిగి కొలిస్తే గ్రాముకు 5,60,000 పరమాణువులు వచ్చాయనుకోండి. 5,60,000ను 40తో భాగిస్తే 14,000. ఆ గుండు బయటపడి 14,000 ఏళ్లు.

ఇంత తక్కువ పరమాణువులను లెక్కపెట్టడం మామూలు యంత్రంతో అయ్యే పని కాదు. యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో అలాంటిది ఉంది. ఎత్తును బట్టి, అక్షాంశాన్ని బట్టి బెరీలియం-10 లాంటి ఐసోటోపులు పుట్టే రేటు ఎట్లా మారుతుందో లెక్కగట్టే సూత్రాలను 1991లో అందించినది మనవారే, దేవేంద్ర లాల్. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో కాస్మిక్ కిరణాల పరిశోధనతో మొదలై, తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టర్ అయ్యారు. కాస్మిక్ కిరణాలను కొలిచే బెలూన్లను టాటా ఇన్‌స్టిట్యూట్ మన హైదరాబాద్ నుంచే ఎగరేసేది. మంచు ముక్క ఎరుగని నేల నుంచి కూడా ఈ శాస్త్రానికి ఒక దారం పోయింది.

ఐదు గుండ్లు, మూడు రకాల జవాబులు

ఒకే కట్ట మీద ఐదు గుండ్లను కొలిచారనుకుందాం. 13,800; 14,100; 14,300; 9,200; 31,000. ఏది సరైనది?

సగటు తీస్తే 16,480 వస్తుంది. ఆ వయసున్న గుండు ఒక్కటీ లేదు. కాబట్టి ముందు గుండ్ల చరిత్ర ఆరా తీయాలి. 9,200 వచ్చిన గుండు మొదట కట్ట లోపల పూడుకుని ఉండి, పై మట్టి వానలకు జారాక బయటపడి ఉండవచ్చు. దాని గడియారం ఆలస్యంగా మొదలైంది. 31,000 వచ్చినది మంచు ఎత్తుకోక ముందే ఏ కొండ అంచునో ఎండలో ఉండి ఉండవచ్చు. పాత ఖాతాలోని నిల్వను మోసుకొచ్చిన రాయి అది. దగ్గర దగ్గరగా ఉన్న మూడింటినీ నమ్మి, సుమారు 14,000 అంటారు.

ఇక్కడ నిపుణుల్లోనే రెండు దారులున్నాయి. కట్టలు కాలక్రమంలో కుంగి, లోపలి రాళ్లు ఒకటొకటిగా బయటపడటమే ఎక్కువగా జరిగేది కాబట్టి, పాత నిల్వ రాళ్లను ఏరేశాక అన్నిటికంటే పెద్ద వయసును పట్టుకోవాలని కొందరంటారు. గుంపుగా వచ్చినవాటి సగటే మేలని మరికొందరంటారు. కుదురుగా ఉన్న కొత్త కట్టల్లో ఈ రెండింటికీ తేడా తక్కువ. హిమాలయాల్లాంటి చోట, నిటారు వాలు మీద, భూకంపాలు కదిపే కట్టల్లో తేడా వేల ఏళ్లు కావచ్చు. నాకైతే ఐదు గుండ్లతో తేల్చిన తేదీ కంటే పదిహేను గుండ్లతో తేల్చిన తేదీ మీదే గురి. కానీ ఒక్కో నమూనాకు అయ్యే ఖర్చు, శ్రమ చూస్తే ఆ కోరిక తీరేది కాదు.

ఇంకొక సంగతి. గుండు వయసు మంచు వచ్చిన రోజును చెప్పదు, వదిలిపోయిన రోజును చెబుతుంది. ‘14,000 ఏళ్ల కిందట మంచు ముందుకొచ్చింది’ అని వార్తల్లో రాస్తారు. నిజానికి అది ముందుకు రావడం ఆగి, వెనక్కి తగ్గడం మొదలైన కాలం.

మిగతా గడియారాలు

కట్ట కింద చెట్టు మొద్దు దొరికితే కార్బన్-14 పద్ధతి పనికొస్తుంది. కార్బన్-14 సగానికి తగ్గడానికి పట్టే కాలం (అర్ధాయువు) 5,730 ఏళ్లు, సుమారు 50,000 ఏళ్ల దాకా చూడగలం. మొద్దు కట్ట కింద నలిగి ఉంటే కట్ట దానికంటే కొత్తది. కట్ట మీది గుంటలో పేరుకున్న నాచుమట్టి దొరికితే కట్ట దానికంటే పాతది. అంటే ఇది తేదీ చెప్పదు, హద్దు చెబుతుంది. చెట్లు మొలవని ఎత్తుల్లో అదీ ఉండదు.

ఇసుక గింజ చివరిసారి వెలుతురు చూసి ఎన్నాళ్లయిందో చెప్పే పద్ధతి మరొకటి. హిమాలయాల్లో దీన్ని బాగానే వాడారు. మంచు కింద, బురద నీటిలో కొట్టుకొచ్చిన గింజ సరిగా ఎండ చూడకపోతే మాత్రం అసలు వయసు కంటే ఎక్కువ చూపిస్తుంది.

మూడోది మనవాళ్లు బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు జాతిది, లైకెన్. చల్లటి కొండల్లో రాళ్ల మీద పెరిగే ఒక రకం లైకెన్ ఏడాదికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువ వెడల్పవుతుంది. వయసు తెలిసిన పాత సమాధుల రాళ్ల మీద దాని పెరుగుదలను కొలిచి, ఆ లెక్కను కట్ట మీది రాళ్లకు వాడతారు. కొన్ని వందల ఏళ్ల లోపు అయితే పరవాలేదు.

కట్ట ఎక్కడుందో తెలిస్తే చలి ఎంతో తెలుస్తుందా?

తేదీ దొరికాక అసలు పని మొదలవుతుంది. హిమానీనదం పై భాగంలో మంచు చేరుతుంది, కింది భాగంలో కరుగుతుంది. ఈ రెండూ సరిసమానమయ్యే ఎత్తును సమతౌల్య రేఖ అంటారు. పాత కట్ట ఆకారాన్ని బట్టి పాత హిమానీనదాన్ని మళ్లీ గీసి, అప్పటి రేఖను అంచనా వేస్తారు.

ఇప్పుడు ఆ రేఖ 5,200 మీటర్ల దగ్గర ఉంది, అప్పుడు 4,600 దగ్గర ఉండేది అనుకుందాం. రేఖ 600 మీటర్లు దిగింది. వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కాబట్టి, అప్పటి వేసవి ఇప్పటికంటే సుమారు 3.9 డిగ్రీలు చల్లగా ఉండి ఉండాలి. లెక్క సాఫీగానే ఉంది, కానీ మంచు పడే మోతాదు మారలేదన్న ఊహ మీద నిలబడింది. ఆ రోజుల్లో మంచు ఎక్కువ పడి ఉంటే, అంత చలి లేకుండానే రేఖ అంత దిగుతుంది. తక్కువ పడి ఉంటే, అంత దిగడానికి చలి ఇంకా ఎక్కువ ఉండాలి.

ఈ చిక్కు హిమాలయాల దగ్గర ముదురుతుంది. యూరప్ కొండలకు మంచు చలికాలంలో వస్తుంది. మధ్య, తూర్పు హిమాలయాలకు ఎక్కువగా వచ్చేది వేసవిలో, నైరుతి రుతుపవనంతో. మన పాలమూరు కుంటలు నింపే వానగాలే అక్కడ ఎత్తుల్లో మంచై పడుతుంది. భూమి మొత్తం మీద చివరి మంచుయుగం తారస్థాయి సుమారు 21,000 ఏళ్ల కిందటిది. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉంది. చలి ఎక్కువే, కానీ రుతుపవనం బలహీనం. అందుకే కాబోలు, రుతుపవనం మీద ఆధారపడే చాలా హిమాలయ లోయల్లో అన్నిటికంటే పెద్ద కట్టలు ఆ కాలానివి కావు, అంతకంటే పాతవి. గంగోత్రి హిమానీనదం ఒకప్పుడు, ఇప్పటి దాని కొస అయిన గోముఖ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దిగువన ఝాలా దాకా వచ్చింది. వెలుతురు పద్ధతితో దానికి వేసిన తేదీ సుమారు 63,000 ఏళ్లు. ‘చలి ఎక్కువైతే మంచు పెద్దదవుతుంది’ అన్న సూత్రం ఆల్ప్స్‌లో నడిచినంత సులువుగా ఇక్కడ నడవదు.

న్యూజిలాండ్ కట్ట మీద పంచాయితీ

ఒక్క కట్ట మీద ఎంత గొడవ జరగొచ్చో చూపించడానికి క్లాసులో నేను ఎప్పుడూ చెప్పే కథ ఇది.

మంచుయుగం ముగిసి భూమి వేడెక్కుతున్న వేళ, 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందటి మధ్య ఉత్తర అట్లాంటిక్ చుట్టూ మళ్లీ చలి తిరగబెట్టింది. దీన్ని యంగర్ డ్రయాస్ అంటారు. ఇది ప్రపంచమంతా వచ్చిన చలా, ఉత్తరార్ధగోళానిదేనా? వాతావరణం ఒక మూల కదిలితే ఇంకో మూల ఏమవుతుందన్న పెద్ద ప్రశ్నకు ఇది తాళంచెవి. జవాబు కోసం అందరూ న్యూజిలాండ్‌లోని ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం ముందున్న వైహో లూప్ అనే కట్ట వైపు చూశారు.

1994లో డెంటన్, హెండీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి చెక్క ముక్కలకు కార్బన్ తేదీలు వేసి, ఇది యంగర్ డ్రయాస్ నాటిదే అన్నారు. అట్లయితే చలి ప్రపంచమంతటిదన్నమాట. 2007లో బారోస్ బృందం అదే కట్ట మీది గుండ్లను కొలిచి, ఇది ఆ చలి ముగిశాక వచ్చినదని చెప్పింది. 2008లో ఇంకో బృందంవాళ్లు అసలు రాళ్ల రకమే వేరుగా ఉందని పట్టుకున్నారు. లోయ మీద కొండచరియ విరిగిపడి, ఆ రాళ్లు మంచును కప్పి కరగకుండా కాపాడితే హిమానీనదం ముందుకు జరిగి ఉండొచ్చన్నది వారి వాదన. అదే నిజమైతే ఆ కట్టకూ వాతావరణానికీ సంబంధమే లేదు. తేదీ ఎంత కచ్చితంగా వేసినా ఉపయోగం ఏముంది? తర్వాత 2010లో ఇంకో లోయలోని కట్టల వరుసను కొలిచిన కాప్లాన్ బృందం, యంగర్ డ్రయాస్ కాలంలో న్యూజిలాండ్ మంచు పెరగలేదు, తగ్గుతూ పోయిందని చూపించింది. ఉత్తరాన చలి తిరగబెడితే దక్షిణాన వేడి పెరిగిందన్న వాదానికి ఇది బలమిచ్చింది.

ఇందులో ఇంకో మెలిక. యంగర్ డ్రయాస్ మొత్తం 1,200 ఏళ్లు. బెరీలియం పుట్టే రేటులో 5 శాతం తప్పు ఉంటే 12,500 ఏళ్ల గుండు తేదీ 625 ఏళ్లు అటోఇటో జరుగుతుంది. 10 శాతమైతే 1,250 ఏళ్లు, అంటే యంగర్ డ్రయాస్ మొత్తం నిడివంత. 2009 ప్రాంతంలో కొత్త కొలతలతో ఈ రేటును తగ్గించారు. రేటు తగ్గితే అన్ని పరమాణువులు చేరడానికి ఎక్కువ ఏళ్లు పట్టినట్టు, కాబట్టి అంతకుముందు అచ్చయిన తేదీలు చాలావరకు వెనక్కి జరిగాయి. పాత వ్యాసంలోని తేదీని తెచ్చి కొత్త వ్యాసంలోని తేదీ పక్కన అట్లాగే పెట్టేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు.

‘ఎప్పుడూ ఉన్నదే కదా’ అన్న వాదన

వాట్సాప్ సందేశంలోని సగం నిజం ఇదే. మనిషి పొగగొట్టాలు పుట్టకముందే మంచు ఎన్నోసార్లు వచ్చింది, పోయింది. యూరప్ హిమానీనదాలు 19వ శతాబ్దం మధ్యలో ఒకసారి ముందుకొచ్చాయి, ఆ తర్వాతే తగ్గడం మొదలైంది. అప్పటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెద్దగా పెరగలేదు. కాబట్టి 1850 నుంచి తగ్గిన ప్రతి అడుగునూ మనిషి ఖాతాలో వేయడం తప్పు.

2014లో మార్జియాన్ బృందం దీన్ని మోడళ్లతో విడదీసి చూసింది. 1851 నుంచి 2010 దాకా ప్రపంచ హిమానీనదాలు కోల్పోయిన మంచులో మనిషి వాటా సుమారు 25 శాతం, అటూఇటూ 35. అంటే సున్నా కూడా కావచ్చు. కానీ 1991 నుంచి 2010 దాకా మాత్రమే తీసుకుంటే ఆ వాటా 69 శాతం, అటూఇటూ 24. ఒకే అధ్యయనంలోని మొదటి అంకెను ఒక పక్షం, రెండో అంకెను మరో పక్షం ఎత్తి చూపడం నేను చూశాను. రెండూ కలిపి చదివితేనే అర్థం: పాత కాలానికి ప్రకృతి ఎక్కువ, దగ్గరి కాలానికి మనిషి ఎక్కువ.

అతిశయోక్తి చేసినవాళ్లూ ఉన్నారు. 2035 నాటికి హిమాలయ హిమానీనదాలు మాయం కావచ్చని 2007లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదికలో ఒక వాక్యం వచ్చింది. ఆధారం లేదని తేలి, 2010 జనవరిలో తప్పు ఒప్పుకున్నారు. ఇక హిమాలయాలకు వాయవ్యాన ఉన్న కారకోరం పర్వతాల వైపు కొన్ని హిమానీనదాలు తగ్గకుండా నిలబడ్డాయి, కొన్ని పెరిగాయి కూడా. ఈ రెండింటినీ పట్టుకుని మంచు కరగడమే అబద్ధం అనేవాళ్లున్నారు. కారకోరానికి మంచు తెచ్చేది ముఖ్యంగా చలికాలపు పడమటి గాలులు, అక్కడి లెక్క వేరు. మిగతా హిమాలయాల్లో మంచు తగ్గడం నేల మీది కొలతల్లోనూ, ఉపగ్రహాల కొలతల్లోనూ కనిపిస్తోంది.

కట్టలు చెప్పలేని సంగతి ఒకటి మిగిలింది: గతంలో మంచు ఇప్పటికంటే చిన్నగా ఎప్పుడైనా ఉందా? దీనికి 2024లో ఒక బృందం కట్టలను వదిలేసి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో నాలుగు హిమానీనదాల కొస దగ్గరికి పోయింది. మంచు ఈమధ్యే వదిలిన బండలను చెక్కి కొలిచింది. గత 11,700 ఏళ్లలో ఎప్పుడైనా ఆ బండలు బయటపడి ఉంటే వాటిలో బెరీలియం-10, అట్లాగే ఈ కిరణాల వల్ల రాయిలోనే పుట్టే కార్బన్-14 పోగై ఉండాలి. దాదాపు ఏమీ లేవు. ఆ చోట్లు అన్ని వేల ఏళ్లలో ఎండ చూడటం ఇదే మొదటిసారన్నమాట. ఇది ఉష్ణమండలంలోని నాలుగు చోట్ల సంగతి, హిమాలయాలకు అట్లాగే వర్తించదు.

మన బండను కొలిస్తే?

“సార్, భువనగిరి బండ మీద ఇదే లెక్క చేస్తే?” అని మొన్న ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఆ కొండకు మంచు ఏనాడూ గీత గీయలేదు. తెలంగాణలో మంచు ఆనవాళ్లు కావాలంటే గోదావరి లోయకు పోవాలి, అవి దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటివి, ఈ గడియారానికి అందనివి.

మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అయినా దాని పైభాగంలోని బెరీలియం అంత చెప్పదు. ఎందుకంటే బండ అరుగుతుంటుంది. పొరలు పొరలుగా లేస్తుంది. మంట పెట్టి పలకలు లేపే బండపనివాళ్లకు ఇది ఎవరూ చెప్పాల్సిన పని లేదు. పైన పోగైన పరమాణువులు ఆ పొరతోపాటే పోతాయి. పది లక్షల ఏళ్లకు ఒక మీటరు చొప్పున అరుగుతోందని ఊరికే అనుకుని లెక్కేస్తే, గడియారం సుమారు 4.6 లక్షల ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. ఎంతకాలం ఉంచినా ఆ ముల్లు ముందుకు పోదు. కాబట్టి అక్కడ వచ్చే అంకె బండ వయసు కాదు, అది అరిగే వేగం.

“మరి హిమాలయాల్లో గుండ్లు కూడా అరుగుతాయి కదా సార్?” అని వెంటనే అడిగింది. అరుగుతాయి. అదే వేగంతో అరిగితే 14,000 ఏళ్లలో పోయేది సెంటీమీటరున్నర లోపే, తేదీలో తేడా 2 శాతం దాటదు. అదే 63,000 ఏళ్ల గుండు అయితే పోయేది ఆరు సెంటీమీటర్లకు పైనే. పాత కట్ట తేదీ పక్కన అరుగుదలకు ఏ అంకె వాడారో చూడమన్నాను.